మారుత్ కిట్ రాదు, డెకాల్ షీట్ చూస్తే తెలిసిపోతుంది

ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. మన వైమానిక దళం విమానాలకి వచ్చే ఏడాది కొత్త స్కేల్ మోడల్ కిట్లు, అంటే ప్లాస్టిక్ ముక్కలు అతికించి కట్టుకునే చిన్న నమూనాలు, ఏమొస్తాయన్నది ఒకటి. మన దేశంలోనే చేసిన పాత జెట్ యుద్ధ విమానం మారుత్‌కి కిట్ రాబోతోందన్న మాట నిజమేనా అన్నది రెండోది. రెండోది తేలిక. నిజం కాదు. ఈ పిచ్చి పట్టిన దగ్గర్నుంచీ ప్రతి చలికాలం వింటున్న మాటే అది. పెద్ద కిట్ కంపెనీలు టమియా, హసెగావా, ఎయిర్‌ఫిక్స్, రెవెల్, ఈ నలుగురిలో ఒక్కరు కూడా ఇంతవరకు మారుత్ జోలికి పోలేదు. పోరు కూడా. ఎందుకో చెప్తాను గానీ, ముందు ఆ పుకారు ఎలా పుడుతుందో కళ్ళారా చూసిన ముచ్చట ఒకటి చెప్పనివ్వండి.

మా పుకార్లకి కూడా పంచాంగం ఉంది. జనవరిలో ఎయిర్‌ఫిక్స్ తన ఏడాది జాబితా బయటపెడుతుంది. ఆ నెలాఖర్లో జర్మనీలో న్యూరెంబర్గ్ బొమ్మల ప్రదర్శన. మే నెలలో జపాన్‌లో షిజువోకా హాబీ షో, టమియా సొంతూరు అదే. ఈ మూడింటికీ ముందు మా హైదరాబాద్ వాట్సాప్ గ్రూపు నిద్రపోదు. క్యాటలాగ్‌లో మధ్యలో ఒక నంబర్ ఖాళీగా వదిలేశారట. ఏదో దుకాణం పేజీ పెట్టి గంటలో తీసేసిందట. డెకాల్, అంటే విమానం మీద అతికించే గుర్తులు, చేసే కంపెనీవాళ్ళు ఫలానా స్క్వాడ్రన్ ఫొటోలు వెతుకుతున్నారట.

అలాంటి ఒక డిసెంబర్‌లో గ్రూపులో ఒక ఫొటో పడింది. బెంగళూరులో ఒక మ్యూజియం ఆవరణ, ఎండలో మారుత్. దాని పక్కన ఇద్దరు మనుషులు. ఒకతని చేతిలో టేపు, ఇంకొకతని చేతిలో ప్యాడ్, చెవిలో పెన్సిల్. అంతే. పావుగంటలో అది 1/48 కిట్, అంటే అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు సైజుది, అని తేలిపోయింది. అన్నం తినొచ్చేలోపు కంపెనీ పేరు కూడా ఖాయం చేశారు. సాయంత్రానికి ధర. పెట్టె మీద బొమ్మ ఎలా ఉండాలన్న దాని మీద ఇద్దరు గొడవపడి గ్రూపులోంచి వెళ్ళిపోయారు. బ్యాంకులో పనిచేసే అన్న ఒకాయన, మారుత్ వస్తే బీరువాలో చోటుండదని, రెండు ఫాంటమ్ పెట్టెలు సగం ధరకి అమ్మకానికి పెట్టాడు. అవి ఎవరు కొన్నారో చెప్పను, మా ఇంట్లో తెలియదు.

ఆ ఆదివారం సికింద్రాబాద్‌లో మేం కూర్చునే ఇరానీ హోటల్లో వేరే మాటే లేదు. మా గుంపులో సైనిక్‌పురి అంకుల్ ఒకాయన ఉన్నారు. వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు, జోధ్‌పూర్‌లో మారుత్‌ల మీద పనిచేసిన మనిషి. ఆయన మోడళ్ళు కట్టరు. చాయ్ కోసం, మేం వేసిన రంగులు తప్పని చెప్పడం కోసం వస్తారు. బ్యాంకు అన్న ఫోన్‌లో ఫొటో తెరిచి ఆయన ముందు పెట్టాడు. "అంకుల్, మీ బండి వస్తుంది. సూడుండ్రి, కొలుస్తుండ్రు."

అంకుల్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఫోన్ దగ్గరికి పెట్టుకున్నారు. రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేశారు. ఇంకొంచెం చేశారు. ముందు ఆ ముక్కు చూసి కాస్త మురిసిపోయారు, నాలుగు అడెన్ తుపాకులుండే ముక్కు అది, 30 ఎంఎంవి. తర్వాత వేలు కిందికి జరిపి ఆపారు.

"టేపు విమానం మీద లేదు బిడ్డా. చక్రం కాడ షురూ అయింది. ఏడికి పోతుందో సూడు."

చూశాం. టేపు చక్రం దగ్గర మొదలై గడ్డి మీదుగా ప్రహరీ గోడ దాకా పోతోంది.

"రేలింగ్ కొలుస్తుండ్రు," అన్నారు అంకుల్. "పిల్లలు ఎక్కి తొక్కకుండ సుట్టు కటకటాలు పెడ్తరు. ఆయన చెవిల పెన్సిల్ సూడు, మిస్త్రీ పెన్సిల్ అది."

బల్ల చుట్టూ ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత బ్యాంకు అన్న అన్న మాట మా హాబీ మొత్తానికి సరిపోతుంది: "కావాలనే అట్ల కొలుస్తరు అంకుల్. పక్క కంపెనీకి తెల్వొద్దని." అవునవునని ఇద్దరు తలూపారు కూడా. అంకుల్ ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ, వస్తే ఎంతుంటది అనడిగారు. ఆరేడు వేలు అన్నారెవరో. మీలో ఎంతమంది కొంటరు అనడిగారు. అందరి చేతులూ లేచాయి. ఆయన ఆ చేతులన్నీ లెక్కపెట్టి, "ఇంతేనా?" అన్నారు.

అసలు విషయం ఆ "ఇంతేనా" దగ్గరే ఉంది. కిట్ అంటే ఉక్కు అచ్చు. ఆ అచ్చు కోయడానికి పెట్టిన డబ్బు ఒక్క పెట్టెతో తిరిగి రాదు. అదే ప్లాస్టిక్‌ని డెకాల్ షీట్ మార్చి, పెట్టె మీద బొమ్మ మార్చి, ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ అమ్మాలి. పాత చీరకి కొత్త అంచు కుట్టినట్టు. అందుకే ఏ విమానం కిట్‌గా వస్తుందో చెప్పాలంటే దాని చరిత్ర, అందం, యుద్ధంలో అది చేసిన ఘనకార్యం చూడకూడదు. ఎన్ని దేశాల గుర్తులు దాని మీద అతికించొచ్చో చూడాలి. ఇది నా సిద్ధాంతం, దీన్ని ఇంతవరకు ఎవరూ కొట్టేయలేకపోయారు.

మిగ్-21 తీసుకోండి. సగం ప్రపంచం ఎగరేసింది. చెక్ కంపెనీ ఎడువార్డ్ దాన్ని 1/48లో, 1/72లో పెట్టెలు మార్చి మార్చి అమ్మింది. బ్రిటిష్ జెట్ హంటర్ తీసుకోండి, బ్రిటన్, స్విట్జర్లాండ్, స్వీడన్, సింగపూర్, జోర్డాన్, ఒమన్, చిలీ, మనం. ఎయిర్‌ఫిక్స్ 1/48లో కొత్త అచ్చు కోసింది. మారుత్ తీసుకోండి. మన వైమానిక దళం తప్ప ఇంకే దేశం దళమూ వాడలేదు. చేసినవే 147, మూడు స్క్వాడ్రన్లు. డెకాల్ షీట్ మీద మన మూడు రంగుల చక్రం గుర్తు ఒకటి, తోక మీది జెండా ఒకటి, కొన్ని నంబర్లు. మన శిక్షణ విమానం కిరణ్ కూడా అంతే. దుండిగల్, హకీంపేట వైపు పెరిగినవాళ్ళం రోజూ నెత్తి మీద దాని గోల వింటూ పెరిగాం, ఎవరికి కావాలి మన గోల?

ఇక్కడ నాకు మండే సంగతి ఒకటుంది. మారుత్‌ని గీసిన మనిషి కర్ట్ టాంక్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఎగరేసిన ఫోకె-వుల్ఫ్ 190 కూడా ఆయనదే. ఆ 190కి ఎన్ని కిట్లున్నాయో లెక్కపెట్టడం కూడా దండగ, చిన్నాపెద్దా ప్రతి కంపెనీ చేసింది. అంతకంటే అన్యాయం, అదే మనిషి ఆ యుద్ధం చివర్లో గీసిన టీఏ-183 అనేది ఒకటుంది. అది కాగితం దాటలేదు, ఎగరలేదు. దానికీ కిట్లున్నాయి. 1961 జూన్ 17న నిజంగా గాల్లోకి లేచి, 1971లో నిజంగా యుద్ధం చేసిన మారుత్‌కి మాత్రం పెద్ద కంపెనీల తలుపులు మూసే ఉన్నాయి. జర్మన్ విమానాలు కొనే జనం ఉన్నారు కాబట్టి పుట్టని విమానం కూడా అమ్ముడవుతుంది.

నాట్ సంగతి ఇంకా చిరాకు. పాకిస్తాన్ సేబర్ జెట్‌లని వణికించిన మన నాట్ ఒంటి సీటు ఎఫ్-1. ఎయిర్‌ఫిక్స్ చేసేదేమో రెండు సీట్ల శిక్షణ విమానం టీ-1, ఎందుకంటే బ్రిటిష్ వైమానిక దళం విన్యాసాల జట్టు రెడ్ యారోస్ 1965 నుంచి 1979 దాకా దాని మీద విన్యాసాలు చేశారు, ఎర్ర రంగు పెట్టె బ్రిటన్‌లో ప్రతి పిల్లాడికీ కావాలి. వెనక సీటు కోసేసి ఎఫ్-1 చేసుకోవచ్చుగా అని గ్రూపులో కొత్తవాళ్ళు అడుగుతుంటారు. అవదు. టీ-1 రెక్కే పెద్దది, ఒళ్ళు కూడా పొడుగు. రెక్క కోస్తే ఫ్లాపులు పోతాయి, ముక్కు కోస్తే ఓపిక పోతుంది.

నా సిద్ధాంతానికి ఎదురుగా ఒక ఉదాహరణ పెడతారని తెలుసు, నేనే పెడతాను. మొదటి ప్రపంచ యుద్ధంలో మన నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ వాళ్ళకి డీహెచ్-9ఏ విమానాలు కొనిచ్చాడు. 110 స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరొచ్చింది. వాటిలో ఒకటి లండన్‌లో బ్రిటిష్ వైమానిక దళం (ఆర్‌ఏఎఫ్) మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. న్యూజిలాండ్‌కి చెందిన వింగ్‌నట్ వింగ్స్ ఆ డీహెచ్-9ఏని 1/32లో చేసింది. అంత అరుదైన దానికి వచ్చినప్పుడు మారుత్‌కి ఎందుకు రాదు అంటారు. ఎందుకంటే వింగ్‌నట్ వింగ్స్ యజమాని సినిమాలు తీసే పీటర్ జాక్సన్. ఆయన లెక్కల కోసం కాదు, మోజు కోసం చేశాడు. 2020లో కంపెనీ మూతపడింది. ఊరించి ఊరించి పెట్టిన 1/32 లాంకాస్టర్ బాంబర్ వాళ్ళ పేరు మీద రాకుండానే పోయి, తర్వాత బోర్డర్ అనే కంపెనీ పెట్టెలో తేలింది. మన దగ్గర అలాంటి మోజున్న సినిమా దర్శకుడు దొరికితే చెప్పండి, మారుత్ గురించి నా మాట వెనక్కి తీసుకుంటాను. జూబ్లీహిల్స్ దగ్గరే కదా.

మరి మన జనం ఎక్కువమంది కొంటే కంపెనీలు వినవా? వింటాయి. కానీ ఎలా కొంటాం? 2020 బడ్జెట్‌లో దిగుమతి బొమ్మల మీద సుంకం 20 శాతం నుంచి 60కి పెంచారు. 2023లో 70 చేశారు. కస్టమ్స్ పట్టికలో స్కేల్ మోడళ్ళు 9503 శీర్షిక కింద ఉంటాయి. అదే శీర్షిక కింద పసిపిల్లల మూడు చక్రాల సైకిళ్ళు, ఆడుకునే బొమ్మలు. భూతద్దం పెట్టుకుని కాక్‌పిట్‌లో మీటలకి ఒంటి వెంట్రుక బ్రష్‌తో రంగేసే నడివయసు మనిషి, మూడేళ్ళ పిల్లాడు, ఇద్దరూ ప్రభుత్వం దృష్టిలో ఒకటే. మా మేనత్త దృష్టిలో కూడా. వచ్చినప్పుడల్లా "పిల్లలకా నాయనా?" అని అడుగుతుంది, పిల్లలకి అది ముట్టుకునే హక్కు లేదని తెలిసి కూడా.

సుంకం కట్టి తెప్పించుకున్నాక కూడా బాధ తీరదు. మండే సరుకు కాబట్టి జిగురు విమానంలో రాదు, ఇక్కడే కొనాలి. ఒక ఆన్‌లైన్ దుకాణం జిగురు సీసానీ డెకాల్ షీట్‌నీ ఒకే కవర్లో పెట్టి పంపింది, మూత వదులుగా ఉంది. డెకాల్ షీటూ ఇన్‌స్ట్రక్షన్ కాగితమూ ఒకదానికొకటి అంటుకుని ఒకే అట్ట అయిపోయి వచ్చాయి. డబ్బు వెనక్కి అడిగితే డెలివరీ అయినట్టు చూపిస్తోంది కదా అన్నారు. దానికి తోడు మన వానాకాలం. గాలిలో తేమున్న రోజు రంగు మీద చివరగా వేసే లాకర్ క్లియర్ కోటు, అంటే పారదర్శక పూత, కొడితే తెల్లగా పాలపొర కమ్ముకుంటుంది. ఇంటి ఓనర్‌కి రంగు చల్లే కంప్రెసర్ చప్పుడు పడదు, థిన్నర్ వాసన అసలే పడదు. ఇన్ని దాటుకుని కట్టేవాళ్ళు ఎంతమంది మిగులుతారు? అందుకే అంకుల్ "ఇంతేనా" అన్నారు.

సరే, మీ మొదటి ముక్కకి వస్తాను. రాసిపెట్టుకోండి. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పారు కదా, దాని మీద మన గుర్తులతో పెట్టెలు వస్తాయి. కొత్త అచ్చు కాదు, పాత ప్లాస్టిక్, కొత్త డెకాల్. అందులో బైసన్, అంటే మన దళం ఆధునికంగా మార్చుకున్న మిగ్-21 బిస్, అని పేరు పెట్టినవి కొనేముందు ముందద్దం చూడండి. మామూలు బిస్‌కి చట్రాలున్న అద్దం, బైసన్‌కి ఒకే ముక్క. పెట్టె మీద బైసన్ ఉండి లోపల చట్రాలుంటే అది బైసన్ కాదు. తేజస్‌ని ఈ లెక్కలో కలపను. ఏదైనా బయటి దేశం దాన్ని కొన్న రోజు డెకాల్ షీట్ మారిపోతుంది, ఆ రోజు మళ్ళీ అడగండి.

హంటర్‌కి మన గుర్తులతో పెట్టె వచ్చినా నాకు ఆశ్చర్యం ఉండదు, 1971లో హంటర్లు పాకిస్తాన్ ట్యాంకుల్ని కొట్టిన లోంగేవాలా ఒక్కటి చాలు అమ్ముడవడానికి. ఆగలేకపోతే ఇప్పుడే మొదలెట్టొచ్చు. మన హంటర్ రకం ఎఫ్-56 అంటే బ్రిటన్ వాళ్ళ ఎఫ్-6 రకమే కాబట్టి ఆ పెట్టె చాలని చాలామంది అంటారు. మనదానికి తోక దగ్గర, ఇంజన్ గొట్టం పైన, బ్రేక్ పారాచూట్ డబ్బా ఉంటుంది. హంటర్‌లోనే ఇంకో రకం ఎఫ్‌జీఏ-9కి ఎయిర్‌ఫిక్స్‌దే పెట్టె వేరే ఉంది, అది తీసుకోండి. ఆ డబ్బాని పుట్టీతో చెక్కే పని తప్పుతుంది. మన గుర్తుల డెకాల్ మాత్రం విడిగా కొనుక్కోవాలి, జిగురు లేని కవర్లో పంపమని ఫోన్ చేసి మరీ చెప్పండి.