దేవుడున్నాడో లేడో తెలియదనే నాకు, నమ్మేవాళ్లు ఎలా కనిపిస్తారంటే

‘దేవుడి సంగతి తేల్చుకోలేని మీలాంటివాళ్లకు, నమ్మేవాళ్లను చూస్తే ఏమనిపిస్తుంది? అసలు మనుషులు ఎందుకు నమ్ముతారు?’ అని అడిగారు. ఆరేళ్ల కిందట అడిగి ఉంటే ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి, భయం వల్ల అని. ఇప్పుడలా చెప్పలేను. ఒక ఐసీయూ బయట గడిపిన పదకొండు రోజులే దానికి కారణం.

నాన్నకు ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ముదిరి వెంటిలేటర్ మీద పెట్టారు. మమ్మల్ని రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు లోపలికి రానిచ్చేవారు. మిగతా పొద్దంతా బయట వరసగా వేసిన కుర్చీల్లోనే. తలుపు తెరుచుకుని నర్సు ‘నాలుగో బెడ్ తాలూకు ఎవరండీ?’ అని పిలిస్తే చాలు, గుండె ఝల్లుమనేది. చాలాసార్లు మందుల చీటీ ఇవ్వడానికే పిలిచేవారు. కానీ కుర్చీలోంచి లేచి ఆ తలుపు దాకా వెళ్లే లోపల మనసు పోని చోటు ఉండదు.

అమ్మ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూ ఉండేది. నేను నోట్‌బుక్‌లో అంకెలు రాసుకునేవాణ్ణి. ఆక్సిజన్ ఎంత, బీపీ ఎంత, క్రియాటినిన్ ఎంత. వాటిని నన్నెవరూ అడగలేదు. నాలుగో రోజు నేను గోడవారగా ఉన్న కుర్చీలో కూర్చుని ఉండగా ఆక్సిజన్ కాస్త పెరిగిందని చెప్పారు. ఆ తర్వాత ఆ కుర్చీ వదల్లేదు. ఎవరైనా అందులో కూర్చుంటే టెన్షన్ పట్టుకునేది. వాళ్లు లేచేదాకా పక్కనే నిలబడేవాణ్ణి. కుర్చీకీ ఆక్సిజన్‌కీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసీ లేవలేకపోయాను.

బ్రొనిస్లావ్ మలినోవ్‌స్కీ అనే మానవ శాస్త్రవేత్త మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోజుల్లో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉన్నాడు. అక్కడి జాలర్లు ఒడ్డును ఆనుకుని ఉండే ప్రశాంతమైన నీళ్లలో చేపలు పట్టేటప్పుడు మంత్రాల జోలికి పోరు. అక్కడ పని తెలిస్తే చాలు, చేప పడుతుంది. నడిసముద్రంలోకి వెళ్లాలంటే మాత్రం పెద్ద తంతే ఉండేది. అక్కడ చేపకూ భరోసా లేదు, ప్రాణానికీ లేదు. మన చేతిలో లేని చోటే మంత్రం మొదలవుతుందన్నమాట. ఇది నాకు ఎప్పటి నుంచో తెలిసిన విషయమే. కుర్చీ విషయంలో నా మీదే రుజువైంది. నమ్మకం గురించి ఇక తెలుసుకోవాల్సింది లేదనుకున్నాను.

మా పక్కన ఒక పెద్దాయన కూర్చునేవారు. కొడుకుకు పంతొమ్మిదేళ్లు, రోడ్డు ప్రమాదం. ఆయన మతం వేరు, మాది వేరు. అయినా రెండో రోజుకే అమ్మా ఆయనా ఒకరి బిడ్డ కోసం ఒకరు, ఒకరి భర్త కోసం ఒకరు ప్రార్థించడం మొదలుపెట్టారు. ఎవరి దేవుణ్ణి వాళ్లే అడిగారు.

తొమ్మిదో రోజు నాన్నకు వెంటిలేటర్ తీసేశారు. ఆ రాత్రే ఆ అబ్బాయి పోయాడు.

చుట్టాలు ఇప్పటికీ అంటారు, ‘మీ అమ్మ మొరపెట్టుకోబట్టే మీ నాన్న బతికాడు, కళ్లారా చూసి కూడా నమ్మవా?’ అని. ఈ మాటకు నాకు నిజంగా కోపం వస్తుంది. మరి ఆ తండ్రి మొరలో ఏం లోపం ఉంది? అమెరికాలో గుండెకు బైపాస్ ఆపరేషన్ అయిన 1802 మంది మీద జరిపిన పరిశీలన ఒకటి 2006లో వెలువడింది. తమ కోసం ఎవరైనా ప్రార్థిస్తున్నారో లేదో తెలియని వాళ్లలో, ప్రార్థన జరిగినవాళ్లకూ జరగనివాళ్లకూ తేడా ఏమీ కనపడలేదు. ప్రార్థిస్తున్నారని ఖాయంగా తెలిసినవాళ్లలో ఇబ్బందులు కాస్త ఎక్కువే, 59 శాతం మందికి వచ్చాయి. నాన్నను బతికించింది మందులు, ఆ మెషీను, రాత్రంతా నిద్ర లేకుండా చూసిన నర్సులు. వాళ్ల పేర్లు మా చుట్టాల్లో ఒక్కరికీ తెలియవు.

ఇంకోవైపు నాస్తిక మిత్రులున్నారు. వాళ్ల దృష్టిలో నేను గోడమీద పిల్లిని. ధైర్యం చాలక ‘తెలియదు’ అంటున్నానట. సృష్టి ఎలా పుట్టిందో పైనుంచి చూసేవాడికి తెలుసేమో, లేక వాడికీ తెలియదేమో అని ఋగ్వేదంలోని నాసదీయ సూక్తమే ముగుస్తుంది. ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి! ‘తెలియదు’ అనేది తప్పించుకునే మాట కాదు. ఐసీయూ బయట ఆ మాట పట్టుకుని పదకొండు రాత్రులు కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అమ్మ మధ్యమధ్య కునుకు తీసేది. నాకు అదీ లేదు.

ఆ పెద్దాయన దగ్గరికి వస్తాను. కాగితాల పని తెల్లవారితే గానీ అవదన్నారు. చుట్టాలు దారిలో ఉన్నారు. ఆయన మళ్లీ అదే కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. పెదవులు కదులుతున్నాయి. నేను మంచినీళ్లు తెచ్చి ఇచ్చి పక్కన కూర్చున్నాను. అడగకూడదని తెలుసు, అయినా అడిగేశాను: ‘ఇంకా ఏం అడుగుతున్నారండీ?’

‘అడగడానికి ఏముంది బాబూ,’ అన్నారు. ‘వాడి గురించి చెప్పుకుంటున్నాను. చిన్నప్పటి సంగతులు. ఈ వేళప్పుడు ఇంకెవరికి చెప్పుకోను?’

భయం వల్ల నమ్ముతారన్న నా లెక్క అక్కడ నిలవలేదు. భయపడటానికి ఆయన దగ్గర ఇక ఏమీ మిగల్లేదు. కోరుకోవడానికీ లేదు. అయినా వినేవాడొకడు ఉన్నాడు ఆయనకు. ఉన్నాడా, ఉన్నాడనుకుంటున్నారా అన్న ప్రశ్న నాదే గానీ ఆయనది కాదు. చాలామంది నమ్మేది ఇందుకేనని ఆ రాత్రి నుంచీ గట్టిగా అనుకుంటున్నాను. లోకం ఎలా పుట్టిందో తెలుసుకోవడానికి దేవుణ్ణి పట్టుకునేవాళ్లు నాకైతే ఎక్కడా కనపడలేదు.

నాకు నమ్మకం కుదరలేదు, కుదురుతుందని కూడా అనుకోను. ఆయన ఫోన్ నంబరు మాత్రం నా దగ్గరుంది. ఏటా ఆ తేదీన ఫోన్ చేస్తాను. ఆయన కొడుకు గురించి చెబుతారు, నేను వింటాను. అమ్మ పక్కనే ఉంటే ఫోన్ లాక్కుని తనూ మాట్లాడుతుంది.