అమ్మడూ, ముందు ఆ పీక్ ఎవరిదో కనుక్కో

అమ్మడూ,

నువ్వు పీహెచ్‌డీకి ఆస్టెరోసీస్మాలజీ, అదే నక్షత్రాల కంపనాల్ని బట్టి వాటి లోపలి సంగతులు తెలుసుకునే చదువు, తీసుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "నీ పిచ్చి దానికీ అంటించావు కదే అక్కా" అని నన్నే నాలుగు తిట్టింది. పడ్డాను. గర్వంగానే ఉంది, కాదనను. ఆ వెనకే దిగులూ పట్టుకుంది. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

పైథాన్ బాగా నేర్చుకో. వెలుగు హెచ్చుతగ్గుల్లో ఏయే ఫ్రీక్వెన్సీలున్నాయో విడదీసే ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ ఒక్కసారైనా సొంతంగా కోడ్ రాసి నడిపి చూడు. కెప్లర్, టెస్ అంతరిక్ష టెలిస్కోపుల డేటా ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది కాబట్టి దాని గురించి టెన్షన్ వద్దు. ఇవన్నీ ఎవరైనా చెప్పేవే.

ఏ నక్షత్రాలతో మొదలుపెట్టాలో మాత్రం గట్టిగా అడుగు. సూర్యుడిలాంటివో, ముసలితనంలో ఉబ్బిపోయిన రెడ్ జెయింట్లో ఇమ్మను. వాటి పీకులు, అంటే గ్రాఫులో ఒక్కో కంపనం ఫ్రీక్వెన్సీ దగ్గర లేచే మొనలు, ఒక వరసలో వస్తాయి. సూర్యుడివైతే 135 మైక్రోహెర్ట్జ్‌ల ఎడంతో ఉంటాయి, ఆ ఎడం సగటు సాంద్రత వర్గమూలాన్ని బట్టి మారుతుంది. అంటే వెలుగులోని వణుకు కొలిస్తే నక్షత్రం ఎంత చిక్కగా ఉందో తెలిసిపోతుంది. రెడ్ జెయింట్ల సంగతి ఇంకా బాగుంటుంది. పైకి ఒకేలా కనిపించే రెండింటిలో ఒకటి ఇంకా కేంద్రం చుట్టూ పొరలో హైడ్రోజన్ మండిస్తుంటుంది, రెండోది కేంద్రంలో హీలియం దాకా వచ్చేసి ఉంటుంది. బయటి నుంచి తేడా తెలియదు. 2011లో కెప్లర్ డేటాతో అది తేల్చారు. గ్రావిటీ మోడ్‌ల (కేంద్రం లోతుల్లోని కంపనాల) కాలాల మధ్య ఎడం మొదటి రకంలో 50 సెకన్ల దగ్గర, రెండో రకంలో 100 నుంచి 300 సెకన్ల దాకా. మరుసటి ఏడాదే, రెడ్ జెయింట్ల కేంద్రం పైపొర కన్నా కనీసం పది రెట్లు వేగంగా తిరుగుతోందనీ వచ్చింది. ఆ పేపర్లు చదివాక మీ పెదనాన్నకి అర్ధరాత్రి దాకా క్లాసు పీకాను, పాపం ఆయనకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఊఁ కొట్టాడు.

మా రోజుల్లో ఇంత డేటా ఎక్కడిది? డోమ్‌లో చలికి వణుకుతూ కొలిచేవాళ్లం, మబ్బు పడితే అదీ పోయేది. తెల్లవారితే ఎలాగూ ఆపాలి. ఆ పగటి ఖాళీల వల్ల ప్రతి నిజం పీకుకీ అటూ ఇటూ 11.57 మైక్రోహెర్ట్జ్‌ల దూరంలో దొంగ పీకులు లేచేవి. అది రోజుకొక్కసారికి సమానమైన ఫ్రీక్వెన్సీ. అందుకే ఏ పీకునీ ఊరికే నమ్మేవాళ్లం కాదు. మీకేమో కెప్లర్ ఒకే చోటు చూస్తూ నాలుగేళ్ల లైట్ కర్వ్, అంటే వెలుగు హెచ్చుతగ్గుల గ్రాఫ్, ఇచ్చింది. గ్రాఫ్ అంత శుభ్రంగా ఉంటే అనుమానం ఎందుకు వస్తుంది? నా భయమంతా దాని గురించే.

నాతో పనిచేసిన ఒకాయన ఉండేవాడు. పేరెందుకులే, మంచి పనిమంతుడు. ఒక డెల్టా స్క్యూటి తార (గంటల్లోనే వెలుగు పెరిగి తగ్గే రకం) మీద కెప్లర్ డేటా తీశాడు. సుమారు 29.4 నిమిషాలకొక కొలత ఉన్న డేటా. రోజుకు 20 సార్ల దగ్గర ఒక పెద్ద పీకు, దానికి రెండు వైపులా సమాన దూరంలో చిన్న పీకులు. తార తన చుట్టూ తాను తిరుగుతుంటే ఒకే మోడ్ అలా చీలుతుంది, ఆ ఎడం నుంచి తిరిగే కాలం లెక్కకడతాం. ఆయన కట్టాడు. దాదాపు ఏడాదికొక చుట్టు అని వచ్చింది. డెల్టా స్క్యూటీలు సాధారణంగా జోరుగా తిరుగుతాయి, చాలావాటికి ఒకటి రెండు రోజుల్లో చుట్టు అయిపోతుంది. ఇది ఇంత నెమ్మదిగా ఎందుకుంది? అయస్కాంత క్షేత్రం ఆపిందా, పక్కన జంట తార ఉందా? నెలల తరబడి మోడల్స్ కట్టాడు. అవీ కుదిరాయి. కావలసినన్ని మీటలున్న మోడల్ దేనికైనా కుదురుతుంది, ఆ మాట ఒక పక్కన రాసిపెట్టుకో.

ఒకసారి ఆయన సెమినార్ ఇస్తుంటే వెనక కూర్చున్న కుర్రాడెవరో అడిగాడు: "సార్, కెప్లర్ సూర్యుడి చుట్టూ ఎన్ని రోజులకు తిరుగుతుంది?" 372 రోజులకు. ఆయన పీకుల మధ్య ఎడం కూడా సరిగ్గా దానికి సరిపోయింది.

జరిగిందేమిటంటే, 29.4 నిమిషాలకొకసారి కొలిస్తే రోజుకు 24.47 సార్ల దాకానే నేరుగా పట్టుకోగలం. అది నైక్విస్ట్ హద్దు. దాన్ని దాటిన ఫ్రీక్వెన్సీ అద్దంలో పడ్డట్టు ఇవతలికి తిరగబడుతుంది. రోజుకు 29 సార్లు కొట్టుకునే తార 20 దగ్గర కనిపిస్తుంది. పైగా కెప్లర్ కదులుతూ ఉంటుంది కాబట్టి, ప్రతి కొలత సమయాన్నీ సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి సరిచేస్తారు. దాంతో కొలతల మధ్య ఎడం ఏడాది పొడవునా కాస్త సాగుతూ, కుంచించుకుంటూ పోతుంది. నిజం పీకు దానికి చలించదు. ప్రతిబింబం మాత్రం ఊగి చీలిపోతుంది, కెప్లర్ కక్ష్యాకాలం ఎడంతో. ఆయన తారలో చూశాననుకున్నది అంతరిక్ష నౌక చేసే ప్రదక్షిణం! నిమిషానికొక కొలత ఉన్న డేటా తీసి చూస్తే 29 దగ్గర ఒంటరి పీకు నిలబడి ఉంది. ఇదే చీలికను చూసి ఏ పీకు దొంగదో పట్టేయొచ్చని 2013లో మర్ఫీ, షిబహాషి, కర్ట్జ్ పద్ధతిగా రాశారు.

కాబట్టి పీకు కనిపించగానే అది తారదేనా, నౌకదా, సమయాలదా, పక్క తారదా అని అడుగు. టెస్ పిక్సెల్ ఒక్కోటి 21 ఆర్క్‌సెకన్లు, పక్కింటివాళ్ల వెలుగంతా నీ తార ఖాతాలో పడుతుంది. ఒక్క సెక్టార్, అంటే టెస్ ఆకాశంలో ఒక ముక్కని చూసే విడత, 27 రోజులు, అంత కొద్ది డేటాతో దగ్గరదగ్గర పీకుల్ని విడదీయలేవు. సాఫ్ట్‌వేర్ వంద ఫ్రీక్వెన్సీలు ఏరి ఇస్తే వంద మోడ్‌లు దొరికాయని గంతులేయకు. సగం వేరే రెండింటి కూడికలో, ఒకదాని రెట్టింపులో అయ్యుండొచ్చు. తీసివేసి చూడు. విసుగనిపిస్తుంది, అయినా చెయ్యి.

ఇంకోటి. రాత్రులు మేలుకుని పని చేయకు. మేం మేలుకున్నామంటే చుక్కలు రాత్రే కనిపిస్తాయి కనుక. నీ డేటా పొద్దున పదికీ అక్కడే ఉంటుంది. మీ గైడ్ తొందరపెడితే నెమ్మదిగానే చెప్పు, ఏడుపొస్తే నాకు ఫోన్ చెయ్యి, ఏ టైమైనా పర్లేదు.

మొదటి లైట్ కర్వ్ తయారైతే నాకు పంపు. గ్రహాలు వెతికేవాళ్ల కోసం చదును చేసిన ఫైలు వద్దు. ఆ చదునులో రోజుల తరబడి సాగే నెమ్మది కంపనాలు కొట్టుకుపోతాయి. సవరించకముందుదీ తరవాతదీ రెండూ జత చెయ్యి, పక్కపక్కన పెట్టి చూస్తాను.

నీ పెద్దమ్మ