సొంతంగా డీబగ్గర్ (ప్రోగ్రాంలో తప్పులు వెతికే సాధనం) రాస్తున్నాను. ఫైల్ లోడ్ కాకపోతే ఎర్రర్ చూపించి ఎగ్జిట్ అయిపోతే సరిపోతుందా?

సరిపోదు. అలా ఎగ్జిట్ అయిపోయే డీబగ్గర్ పుణ్యమా అని మాదాపూర్‌లో ఒక రాత్రి జాగారం చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అప్పటి ఆఫీసులో మావాళ్లే రాసుకున్న డీబగ్గర్ ఒకటి ఉండేది. కస్టమర్ దగ్గర ప్రోగ్రాం క్రాష్ అయితే కోర్ ఫైల్, అంటే క్రాష్ అయిన క్షణంలో ప్రోగ్రాం మెమరీ కాపీ, సాయంత్రం నా నెత్తిన పడింది. మా డీబగ్గర్‌లో తెరిస్తే 'ఫైల్ ఓపెన్ కాలేదు' అని ఒక్క లైను, ఆ వెంటనే ఎగ్జిట్. ఏ ఫైలు? ఎక్కడ వెతికావురా బాబూ? చెప్పదు. పర్మిషన్లు మార్చాను, కోర్ ఫైల్ మళ్లీ కాపీ చేశాను, మెషీన్ రీస్టార్ట్ చేశాను. గేటు బయట సైకిల్ మీద చాయ్ అమ్మే అతను కూడా సర్దుకుని వెళ్లిపోయాడు.

రెండున్నరకి పక్క సీటు అన్న లేచొచ్చి "జీడీబీలో తెరువు" అన్నాడు. జీడీబీ అంటే అందరూ వాడే ఉచిత డీబగ్గర్. అదీ సోర్స్ ఫైల్ లేదనే చెప్పింది. కానీ ఫైలు పాత్, లైన్ నంబరు 412 చెప్పి, ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తూ అక్కడికొచ్చిందో చూపే బ్యాక్‌ట్రేస్ మొత్తం ముందు పెట్టింది. పాత్ చూడగానే విషయం తెలిసిపోయింది. అది మా బిల్డ్ మెషీన్‌లోని ఫోల్డరు. కంపైల్ చేసిన చోటే డీబగ్ సమాచారంలోకి ఎక్కుతుంది కదా! జీడీబీలో 'సెట్ సబ్‌స్టిట్యూట్-పాత్' అనే కమాండ్‌కి పాత ఫోల్డరు, కొత్త ఫోల్డరు ఇచ్చాం, కోడ్ వచ్చేసింది. చూస్తే నల్ పాయింటర్, అంటే దేన్నీ చూపించని అడ్రస్‌ని వాడేశారు. పది నిమిషాల పని.

మీరూ అంతే చెయ్యండి. సోర్స్ లేకపోతే అసెంబ్లీ, సింబల్స్ (ఫంక్షన్ల, వేరియబుల్స్ పేర్లు) లేకపోతే ఉత్త అడ్రస్‌లు చూపించండి. ఫైలు లేదా, పర్మిషన్ లేదా, ఫార్మాట్ వేరా అన్నది విడివిడిగా చెప్పండి. కొత్త ఫైలు పూర్తిగా లోడయ్యాకే పాతదాన్ని వదలండి, లేకపోతే యూజర్ పెట్టుకున్న బ్రేక్‌పాయింట్లూ (ప్రోగ్రాం ఆగాల్సిన చోట్లు) గల్లంతే. బిల్డ్ ఐడీ (ఆ బిల్డ్‌కి ఉండే గుర్తింపు నంబరు) కలవకపోతే మాత్రం అరిచి చెప్పండి. లోడ్ కాని ఫైలు కన్నా తప్పు ఫైలు లోడవడం పెద్ద ప్రమాదం, లేని లైన్లో బగ్ వెతుకుతూ కూర్చుంటాం.

హైటెక్ సిటీ ఇంటర్వ్యూల్లో లింక్డ్ లిస్ట్ తిరగెయ్యమని అడగనివాడు లేడు. కోర్ ఫైల్ ఇచ్చి చదవమన్నవాడు నాకింతవరకూ తగల్లేదు.

ఆ రాత్రి గడిచాక పొద్దున్నే మా డీబగ్గర్ ఎర్రర్‌లో పాత్, కారణం కలిపి ప్రింట్ అయ్యేలా మార్చి పంపాను. 'మెసేజ్ మరీ పొడుగైంది' అని రివ్యూలో కామెంట్ వచ్చింది.