ఆ వాగ్దాన కార్డు గురించి కూడా రాయి

ప్రియమైన చెల్లెలికి,

ప్రభువు నామంలో వందనాలు.

దేవుడు మీ ఇంట్లో చేసినదాని గురించి పత్రిక కోసం నువ్వు రాసి పంపిన సాక్ష్యం చదివాను. మీ తమ్ముడి జబ్బు గురించి రాసిన మొదటి రెండు పేజీలు చాలా బాగున్నాయి. ఆసుపత్రి వరండాలో మందుల చీటీ పట్టుకుని నిలబడిపోయిన నాన్న, సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించిన శుక్రవారం, డాక్టరు చెప్పింది విన్నాక కూడా పాట ఆపని అమ్మ. ఇవన్నీ కళ్లారా చూసినవాళ్లు మాత్రమే రాయగలరు.

నా అభ్యంతరం మూడో పేజీతోనే. తమ్ముడు కన్నుమూశాడని రాసిన మరుసటి వాక్యంలోనే దేవుడు తన తోటకు ఒక పువ్వు కోసుకున్నాడన్నావు. వెంటనే, దేవుని ప్రేమించేవారికి అన్నీ మేలుకే సమకూడుతాయనే రోమా 8:28 రాసి ముగించావు. పువ్వు మాట నీది కాదు. భూస్థాపన దగ్గర ఎవరో నిన్ను ఓదార్చడానికి అని ఉంటారు. వాళ్లు ప్రేమతోనే అన్నారు, అందులో తప్పు లేదు. కానీ నువ్వు రాస్తున్నప్పుడు ఆ మాట చీము తీయకుండా కట్టిన కట్టులా ఉంది.

నీ బాధ చూసి పాఠకులు దేవుని ప్రేమను ఎక్కడ సందేహిస్తారోనని భయపడి తొందరపడ్డావని నాకు అనిపిస్తోంది. ఆ భయం అక్కర్లేదమ్మా. ఆయన ప్రేమకు మనం కాపలా కాయనవసరం లేదు.

ఆ 8:28కి పైన ఏముందో ఒకసారి చూడు. సృష్టి యావత్తు మూలుగుతోందని అపొస్తలుడైన పౌలు రాశాడు. మనమూ లోపల మూలుగుతున్నామన్నాడు. ఎలా ప్రార్థించాలో తెలియని మన కోసం ఆత్మ కూడా 'ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో' విజ్ఞాపన చేస్తాడని 26వ వచనం. ఇన్ని మూలుగుల తర్వాత గాని 'సమస్తమును సమకూడి జరుగుచున్నవి' అన్న మాట రాలేదు. నువ్వు మూలుగును వదిలేసి ఆ ఒక్క వచనాన్నే తెచ్చుకున్నావు. ఇంకొంచెం కిందికి వస్తే, క్రీస్తు ప్రేమనుండి మనల్ని ఎడబాపేవి ఉన్నాయా అని అడుగుతూ పౌలు శ్రమ, బాధ, హింస, కరవు అని వరుసగా పేర్లు పెట్టి చెప్పాడు. అవి రావని ఎక్కడా అనలేదు.

రచయితగా నువ్వు దగ్గర పెట్టుకుని చదవవలసిన పుస్తకం బైబిల్లోని విలాపవాక్యములు. బబులోను సైన్యం యెరూషలేమును కాల్చేసిన తర్వాతి ఏడుపు అది. 'అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది' అన్న మాట మన ఇళ్లలో గోడ క్యాలెండర్ల మీద కనిపిస్తుంది. అది ఆ గ్రంథంలో ఎక్కడ ఉందో చూడు. అయిదు అధ్యాయాల్లో మూడోదాని నడుమ ఉంది. దాని తర్వాత మళ్లీ ఆకలి, మళ్లీ శిథిలాలు, చివరికి దేవుడు తమను పూర్తిగా విడిచిపెట్టాడేమో అన్న వేదనతో గ్రంథం ఆగిపోతుంది. ఇంకో సంగతి. మొదటి నాలుగు అధ్యాయాలను ఆ కవి హీబ్రూ అక్షరమాల వరుసలో కట్టాడు. ఇరవై రెండు అక్షరాలకు ఇరవై రెండు వచనాలు, మూడో అధ్యాయంలో అక్షరానికి మూడు చొప్పున అరవై ఆరు. అంత దుఃఖంలోనూ తన పనిని అంత శ్రద్ధగా చేశాడు. అయిదో అధ్యాయంలో వచనాలు ఇరవై రెండే, అక్షర క్రమం మాత్రం లేదు. అక్కడికి వచ్చినప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది.

నిరీక్షణ, అంటే దేవుని మీద ఆశ, నీకు ఎప్పుడు కలిగిందో అక్కడే రాయి. అది రెండో పేజీలో ఉంటే అక్కడే ఉండనీ. చివరి పేరాలో అది లేకపోతే లేనట్టే వదిలెయ్యి.

యోహాను సువార్త 11వ అధ్యాయం నీకు చదవడం కష్టంగా ఉంటుందని తెలుసు. అక్కడా అక్కచెల్లెళ్లే, జబ్బుపడిన సహోదరుడే. యేసు వాళ్లను ప్రేమించాడని 5వ వచనం. కబురు విన్నాక ఉన్నచోటనే ఇంకా రెండు రోజులు ఉండిపోయాడని 6వ వచనం. ప్రేమ, ఆలస్యం పక్కపక్కనే ఉన్నాయి. మార్త, మరియ ఇద్దరూ ఒకే మాట అన్నారు, నువ్వు ఇక్కడ ఉంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాదని. ఆయన వాళ్లను కోప్పడలేదు. కన్నీళ్లు విడిచాడు. ఆయన పిలిస్తే వాళ్ల సహోదరుడు లాజరు సమాధిలోనుంచి లేచాడు, మీ తమ్ముడు లేవలేదు. ఈ తేడాను పాఠకుల దగ్గర దాచవద్దు. మన క్రైస్తవ పత్రికల నిండా స్వస్థత పొందినవారి సాక్ష్యాలే. స్వస్థత కలగని ఇళ్లవాళ్లు కూడా అవే చదువుతారు. చదివి, తమ విశ్వాసం చాలలేదేమోనని రాత్రుళ్లు కుమిలిపోతారు. నువ్వు రాయవలసింది వాళ్ల కోసం.

నువ్వు ఒంగోలు అమ్మాయివి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి చిన్నప్పటినుంచీ వింటూనే ఉంటావు. ఆ ముందు రెండేళ్లు ఘోరమైన కరువు. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని కల్పించాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. మన వేదికల మీద ఏటి ఒడ్డు గురించి చెప్పినంతగా ఆ కాలువ గట్టు గురించి చెప్పరు. ఆ కరువులో ఆకలితో, కలరాతో పోయినవాళ్లు 2,222లోకి రారు. దేవుడు వాళ్లను తక్కువ ప్రేమించాడని ఎవరనగలరు? ఫలితాన్ని బట్టి ఆయన ప్రేమను కొలిస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టే. ఆయన ప్రేమకు నేను చూసేది సిలువను. అక్కడ కుమారుడే 'నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి' అని అరిచాడు, పైనుంచి జవాబు వినిపించలేదు. ఆ అరుపు తెలిసిన దేవుడు గనుకనే నేను ఆయనను నమ్ముతాను.

ఇక నువ్వు సాక్ష్యంలో రాయకుండా, నాకు ఉత్తరంలో మాత్రమే రాసిన సంగతి. ఆ ఏడు కొత్త సంవత్సరం ఆరాధనలో మీ ఇంటికి వచ్చిన కార్డు మీద, ఆ ఏడాదికి వాగ్దానంగా ఉన్న బైబిలు వచనం 'నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే'. అమ్మ ఆ కార్డును చింపలేదు, పారేయలేదు, ఇప్పటికీ బైబిల్లోనే పెట్టుకుందన్నావు. ఎందుకు పెట్టుకుందో నీకు తెలియదన్నావు. మూడో పేజీలో ఉండవలసింది అదే. కారణం ఊహించి రాయవద్దు. అమ్మను అడుగు. ఆమె చెబితే ఆమె మాటల్లోనే రాయి. చెప్పకపోతే, చెప్పలేదని రాయి.

పువ్వు వాక్యం తీసేయి. రోమా వచనం ఉంచాలనుకుంటే 26తో కలిపి ఉంచు. పత్రికకు పంపేముందు అమ్మకు, నాన్నకు చదివి వినిపించు. వాళ్లు వద్దన్నది ఎంత బాగా వచ్చినా అచ్చుకు ఇవ్వవద్దు. ఈస్టరు సంచికకు అందాలని హడావిడి పడకు, సంపాదకులతో నేను మాట్లాడతాను.

ప్రభువునందు,
నీ అన్నయ్య