బీటెక్‌లో చేరుతున్న మేనకోడలికి

చిరంజీవి కోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన అలాట్‌మెంట్ ఆర్డర్ చూశాను. కన్వీనర్ కోటా, జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీ. అందుకే ఇక్కడ రాసేదంతా దానికి తగ్గట్టే రాస్తున్నా. పాఠాలు ఎలా చదవాలో మీ సార్లు చెప్తారు. ఆఫీసు కిటికీ దగ్గర ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఫస్టియర్ పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి, వెబ్‌సైట్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసినంత మాత్రాన పని అయిపోదు. చెప్పిన తేదీలోగా కాలేజీకి స్వయంగా వెళ్లి రిపోర్ట్ చెయ్యాలి. వెళ్లే ముందే టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఆధార్, హాల్‌టికెట్, ర్యాంకు కార్డు, టీసీ అన్నీ ఐదేసి జిరాక్సులు తీయించు. పాస్‌పోర్టు ఫొటోలు డజను ఉంచుకో. టీసీ ఒకసారి ఇచ్చాక మళ్లీ చేతికి రాదు కాబట్టి దాని స్కాన్ కాపీ ఫోన్లో, మెయిల్లో రెండు చోట్లా ఉండాలి.

కాలేజీ ఒరిజినల్ ఉంచుకోవాల్సింది టీసీ ఒక్కటే. మిగతావి చూసి, సరిపోల్చి తిరిగి ఇచ్చెయ్యాలి. పిల్లల ఒరిజినల్స్ పట్టి ఉంచుకోవద్దని యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2016లోనే కాలేజీలకు చెప్పింది. అయినా "అన్నీ ఇక్కడే ఉంచమ్మా" అనే కిటికీలు ఉన్నాయి. మొదటి రోజే గొడవ పెట్టుకోమని చెప్పను. కానీ ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే ప్రతి సర్టిఫికెట్ పేరు, నంబరు రాసి, కాలేజీ ముద్ర వేసిన రసీదు లేకుండా అక్కణ్నుంచి కదలకు. రేపు బ్యాంకు లోనుకో, పాస్‌పోర్టుకో టెన్త్ మెమో కావాల్సి వచ్చినప్పుడు ఆ రసీదే నీ ఆధారం. ఫీజు రసీదు మీద కూడా ఏ పద్దు కింద ఎంత కట్టావో విడివిడిగా ఉండాలి. ట్యూషన్ ఫీజు ఎంతన్నది కాలేజీ ఇష్టం కాదు, రాష్ట్రంలో ఫీజుల నియంత్రణ కమిటీ ఖరారు చేస్తుంది. "ఇతరాలు" అని ఒకే అంకె వేసి ఇస్తే దేనికో అడిగి రాయించుకో.

ఇక ఈపాస్, అంటే స్కాలర్‌షిప్పులకు అప్లై చేసే రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందిలే అని మీ నాన్న నిశ్చింతగా ఉన్నట్టున్నాడు. లెక్క చెప్తాను విను. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడిన వర్గాల) పిల్లలకు ఎంట్రన్స్ ర్యాంకు 10,000 లోపు ఉంటే పూర్తి ట్యూషన్ ఫీజు వస్తుంది. ఆపైన ర్యాంకైతే ఏడాదికి గరిష్ఠంగా 35,000 రూపాయలే. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివిన వాళ్లకు ఇందులో మినహాయింపు ఉంది. నువ్వు చదివింది ప్రైవేటులో, ర్యాంకు పదివేలు దాటింది. కాబట్టి కాలేజీ ఫీజులోంచి 35,000 తీసేసి మిగతాది ఇంట్లోంచే కట్టాలని నాన్నకు ఇప్పుడే చెప్పు. ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షలు. ఇన్‌కమ్ సర్టిఫికెట్ పాతది పనికిరాదు, మీసేవలో ఈ ఏడాది తేదీతో కొత్తది తీసుకో.

అప్లికేషన్ ఆగిపోయేది ఎక్కువగా రెండు కారణాల వల్ల. ఒకటి, టెన్త్ మెమోలో పేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉండటం. ఇంటిపేరు పొట్టి అక్షరంలో ఉన్నా, ఒక అక్షరం తేడా వచ్చినా చాలు. మెమో మార్పించడం పెద్ద తంతు. మెమో చూపించి ఆధార్‌నే సరిచేయించుకో. రెండోది బ్యాంకు. ఖాతాకు ఆధార్ ఇచ్చాం కదా అనుకుంటారు. కేవైసీకి ఆధార్ జత చేయడం వేరు, ప్రభుత్వ సొమ్ము ఏ ఖాతాలో పడాలో బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర నమోదు కావడం వేరు. డబ్బు ఈ రెండోదాన్ని బట్టే పడుతుంది. రెండు ఖాతాలుంటే చివరగా నమోదైన దాంట్లోకి వెళ్తుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తెలిసిపోతుంది. ఖాతా నీ పేరు మీదే ఉండాలి, వాడకం లేక మూతపడి ఉండకూడదు.

ఆన్‌లైన్‌లో ఫ్రెష్ అప్లికేషన్ పెట్టి, ప్రింటు తీసి, మీసేవలో వేలిముద్ర వేసి, ఆ కాగితాలన్నీ కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఇవ్వాలి. చాలామంది ఆన్‌లైన్‌లో సబ్మిట్ కొట్టి ఊరుకుంటారు. కాలేజీ తన లాగిన్ నుంచి ముందుకు పంపితేనే అది కదులుతుంది. కాగితాలు ఇచ్చిన రోజే నీ కాపీ మీద తేదీ, సంతకం పెట్టించుకో. రెండో ఏడాది నుంచి ఏటా రెన్యూవల్ ఉంటుంది, అదీ మరిచిపోవద్దు.

అన్నిటికంటే ఎక్కువగా భయపడాల్సింది హాజరు గురించి, బిడ్డా. సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ రాసుకోవచ్చు. హాజరు తక్కువై డిటెయిన్ అయితే ఆ సెమిస్టర్ మళ్లీ వచ్చే ఏడాది జూనియర్లతో కూర్చుని చదవాల్సిందే. యూనివర్సిటీ నిబంధన ప్రకారం అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65కి తగ్గకుండా 75 లోపు ఉంటే అనారోగ్యం లాంటి కారణానికి మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి కండొనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) అడగొచ్చు. 65 కన్నా తగ్గితే ఎవరి సిఫార్సూ పనిచేయదు.

లెక్క రోజుల్లో కాదు, పీరియడ్లలో చేస్తారు. రోజుకు ఆరు పీరియడ్లు, 90 పనిదినాలు అనుకుంటే మొత్తం 540. పోగొట్టుకోగలిగింది 135, అంటే దాదాపు 22 రోజులు. వినడానికి చాలానే అనిపిస్తుంది. పండక్కి ముందూ వెనకా రెండేసి రోజులు, ఊళ్లో రెండు పెళ్లిళ్లు, ఒక జ్వరం వస్తే సగం అయిపోతాయి. ల్యాబ్ వరసగా మూడు పీరియడ్లు, కాబట్టి ల్యాబ్ పూట ఎగ్గొడితే మూడు దెబ్బలు ఒకేసారి.

వెనకబడితే ఎంత త్వరగా సరిచేసుకుంటే అంత మంచిది. మొదట్లో 120 పీరియడ్లకు 84 విన్నావనుకో, 70 శాతం. మళ్లీ 75కి రావాలంటే 24 పీరియడ్లు, అంటే నాలుగు రోజులు వరసగా వస్తే చాలు. అదే 70 శాతం 360 పీరియడ్ల దగ్గర ఉంటే 72 కావాలి, పన్నెండు రోజులు. తగ్గిన ప్రతి పీరియడ్‌కూ నాలుగు పీరియడ్లు కట్టాలన్నమాట. అందుకే నెలనెలా నోటీసు బోర్డులో పెట్టే శాతాన్ని నీ నోటుపుస్తకం లెక్కతో సరిచూడు. తప్పు పడితే ఆ వారంలోనే సబ్జెక్టు సార్ దగ్గరికి వెళ్లు. సెమిస్టర్ ఆఖర్లో చెప్తే "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అంటారు, వాళ్ల మాటా న్యాయమే.

మార్కుల సంగతి క్లుప్తంగా చెప్తా. జేఎన్‌టీయూ 2022 నాటి రెగ్యులేషన్ అయిన ఆర్22 నిబంధనల్లో ఇంటర్నల్ 40, సెమిస్టర్ పరీక్ష 60. ఇంటర్నల్‌లో 14, పరీక్షలో 21, రెండూ కలిపి 40 రావాలి. 14, 21 కలిపితే 35 అవుతుంది కానీ 40 కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. నీ బ్యాచ్‌కు ఏ రెగ్యులేషన్ వర్తిస్తుందో, కాలేజీ అటానమసా (సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకునేదా) కాదా అన్నది మొదటి వారంలోనే కనుక్కుని ఆ పీడీఎఫ్ దించుకో. సీనియర్ల లెక్కలు వాళ్ల రెగ్యులేషన్‌వి, నీకు సరిపోకపోవచ్చు.

పుస్తకాలు, డ్రాయింగ్ గీసే డ్రాఫ్టర్, ల్యాప్‌టాప్ మొదటి వారం కొనకు. ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ (డ్రాయింగ్) ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్ మీదే చేయిస్తున్నారు, సార్ చెప్పాకే కొను. ల్యాబ్ కోటు ఒకటి, అబ్జర్వేషన్ బుక్కు ఒకటి ముందే ఉంటే నష్టం లేదు. రికార్డు మాత్రం ఏ వారానిది ఆ వారమే సంతకం చేయించు.

తెలుగు మీడియం నుంచి వచ్చానని బెంగపడకు. రేపు చెప్పబోయే పాఠంలో ఇంగ్లిష్ మాటలు పది ముందురోజే చూసుకుని వెళ్తే క్లాసు సగం అర్థమవుతుంది. క్లాసు అయ్యాక డౌటు తెలుగులోనే అడుగు. జవాబులు రాసి చూసుకోవడం మాత్రం ఇంగ్లిష్‌లోనే చెయ్యి. సీ ప్రోగ్రాములు ఫొటోలు తీసుకోకుండా చేత్తో రాసి, నువ్వే టైపు చెయ్యి.

హాస్టల్ చూడ్డానికి పగలు కాకుండా రాత్రి ఎనిమిదింటికి వెళ్లు. భోజనం, నీళ్లు, బాత్రూముల ముందు క్యూ, బస్టాపు నుంచి దారిలో వెలుతురు అన్నీ అప్పుడే తెలుస్తాయి. ఏడాది డబ్బు ఒకేసారి కట్టొద్దు. ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో, అడ్వాన్సులో ఎంత తిరిగిస్తారో రాయించుకో. బస్సులో నీకు మహాలక్ష్మి (ఆడవాళ్లకు ఉచిత ప్రయాణ పథకం) ఉంది: సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఉచితం. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకో, జీరో టికెట్ అడిగి తీసుకో.

ర్యాగింగ్ గురించి అమ్మ దిగులు పడుతోంది. నువ్వూ నాన్నా యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ ఇవ్వాలి, అది ఆన్‌లైన్‌లోనే. 1800-180-5522 అన్నది 24 గంటలూ పనిచేసే జాతీయ హెల్ప్‌లైన్. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. పాటలు పాడమనడం, రాత్రి వీడియో కాల్‌లో "ఇంట్రో" ఇమ్మనడం కూడా నీకు అవమానంగా ఉంటే ర్యాగింగే. 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం అవమానించినందుకే ఆరు నెలల దాకా జైలు పెట్టింది. మెసేజ్‌లు డిలీట్ చెయ్యకు, తేదీ, సమయం, చోటు రాసి పెట్టుకో. నోట్సు ఇచ్చే మంచి సీనియర్లూ ఉంటారు, అందరినీ చూసి బెదరకు. మనసు మరీ బరువెక్కితే 14416కి ఫోన్ చెయ్యి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

రిపోర్టింగ్ రోజు నాన్న ఊళ్లో లేకపోతే చెప్పు, నేను వస్తాను. ముందు ఆ బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూసి స్క్రీన్‌షాట్ పంపు.

ఉంటాను,
మీ మామయ్య