వాడిన వంటనూనెను విమాన ఇంధనంగా మార్చే ఉత్ప్రేరకాలపై పీహెచ్‌డీ చేయడానికి ఇంకా ఏం మిగిలింది?

చాలా మిగిలింది. నికెల్-మాలిబ్డినం సల్ఫైడ్ ఉత్ప్రేరకంపై హైడ్రోజన్‌తో నూనెలోని ఆక్సిజన్‌ను తొలగించడం పాత విద్యే. అసలు చిక్కు ఆ తర్వాత మిగిలే తిన్నని కార్బన్ గొలుసులతోనే. 18 కార్బన్ల ఆక్టాడెకేన్ 28 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకడుతుంది. విమానాల్లో వాడే జెట్ ఎ-1 ఇంధనమేమో మైనస్ 47 దాకా గడ్డకట్టకూడదు! అందుకే ప్లాటినం చేర్చిన జియోలైట్‌తో (అతి సన్నని రంధ్రాలుండే ఖనిజం లాంటి పదార్థం) ఆ గొలుసులకు కొమ్మలు తొడిగిస్తారు, కొంత విరగ్గొడతారు. మరీ విరిగితే ఇంధనానికి బదులు నాఫ్తా (పెట్రోల్ లాంటి తేలికపాటి ద్రవం), గ్యాస్ వస్తాయి. జియోలైట్ రంధ్రాలు ఎంత ఉండాలి, ఆమ్లత్వం ఎంత ఉండాలి అన్న తూకం కుదరడానికే ఏళ్లు పడుతుంది. నా దృష్టిలో ఇంతకంటే విలువైన సమస్య నూనెలోని ఫాస్ఫరస్, లోహాల మలినాలను తట్టుకుని ఎక్కువకాలం పనిచేసే ఉత్ప్రేరకం. మన దేశంలోనూ దీనికి పునాది ఉంది: 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఎగిరిన స్పైస్‌జెట్ విమానంలో డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ జట్రోఫా మొక్క గింజల నూనెతో చేసిన ఇంధనాన్ని కలిపి వాడారు.