నారాయణగూడ పాత ఫ్లాటు: బిల్డర్‌కి ఇవ్వాలా, అమ్మేసి కొండాపూర్ వెళ్లాలా?

మీరు అడిగింది: "నారాయణగూడలో మా నాన్నగారు 1991లో కొన్న ఫ్లాటు ఉంది. బిల్డింగ్ పడగొట్టి కొత్తది కట్టిస్తామని ఒక బిల్డర్ తిరుగుతున్నాడు. ఇవ్వడం మంచిదా, అమ్మేసి కొండాపూర్ వైపు కొనుక్కోవడం మంచిదా?"

అమ్మకండి. బిల్డర్‌కే ఇవ్వండి. కాకపోతే అతను చెప్పే ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగులు) విని ఇవ్వకండి, మీ డాక్యుమెంట్‌లో రాసి ఉన్న గజాలు చూసుకుని ఇవ్వండి. మేమీ తతంగమంతా పడ్డాం కాబట్టి చెబుతున్నాను.

మాది చిక్కడపల్లి. 1989లో కట్టిన బిల్డింగ్, గ్రౌండ్ ప్లస్ త్రీ, ఫ్లోరుకి మూడు చొప్పున పన్నెండు ఇళ్లు. లిఫ్ట్ లేదు. స్థలం 720 గజాలు, అంటే ఇంటికి సగటున 60 గజాల యూడీఎస్ (ఉమ్మడి స్థలంలో ఒక్కో ఫ్లాటుకి వచ్చే వాటా). అంతకుముందు అక్కడ పెంకుటిల్లు ఉండేదని మా మామగారు చెప్పేవారు. మా పేటలో పెంకుటిళ్లు పోయి అపార్ట్‌మెంట్లు రావడం మొదటి విడత. ఇప్పుడు ఆ అపార్ట్‌మెంట్లే పోతున్నాయి. శ్లాబు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి, బాత్రూమ్ గోడల్లోంచి నీళ్లు కారేవి, ఎంత ప్లాస్టరింగ్ చేయించినా మరుసటి వానాకాలానికి మళ్లీ మామూలే. కాబట్టి కట్టించాలా వద్దా అన్న చర్చ మా దగ్గర జరగలేదు. ఎవరికి ఎంత అన్నదే గొడవంతా.

ఒక ఆదివారం సాయంత్రం బిల్డర్ తరఫు కుర్రాడొచ్చి గేటు దగ్గర కారు బానెట్ మీద ప్లాన్ పరిచాడు. "అంకుల్, మీకిప్పుడు ఉన్నది 850. మేమిచ్చేది 950. వంద ఎస్‌ఎఫ్‌టీ ఎక్స్‌ట్రా, లిఫ్ట్, జనరేటర్, కట్టినన్నాళ్లూ అద్దె మేమే ఇస్తాం, పైన గుడ్‌విల్ డబ్బు" అన్నాడు. అందరి మొహాలూ వెలిగిపోయాయి. మావారైతే అప్పుడే టైల్స్ గురించి అడగడం మొదలుపెట్టారు.

మొదటి అంతస్తులో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు మాత్రం, "హాలు ఎంత బాబూ?" అన్నారు.

"టెన్ బై ఫోర్టీన్, అంకుల్."

మాస్టారు ఇంకేం మాట్లాడకుండా ఇంట్లోకి వెళ్లి స్టీలు టేపు తెచ్చారు. గ్రౌండ్ ఫ్లోర్ పిన్నిగారిని ముగ్గు డబ్బా తెమ్మన్నారు. కార్లు పెట్టుకునే సిమెంటు జాగాలో మాస్టారు కొలుస్తుంటే పిన్నిగారు వంగి ముగ్గు గీతలు లాగారు. ఇది హాలు, ఇది వంటిల్లు, ఏడు బై ఎనిమిది, ఇది బాల్కనీ. ప్లాస్టిక్ కుర్చీలు మూడు వరసగా వేసి, ఇది దీవాన్ కాట్ అనుకోండి అన్నారు. ఒక పిల్లాణ్ణి టీవీ ఉండే చోట నిలబెట్టారు. వీధి తలుపు ఎటు తెరుచుకుంటుందో ప్లాన్‌లో చూసి ఆవిడ ఒక వంపు గీశారు. ఆ వంపు సరిగ్గా దీవాన్ మీదుగా పోయింది. "తలుపు తీస్తే పడుకున్నవాడి కాళ్లు విరుగుతాయి కదమ్మా" అన్నారు పిన్నిగారు, ఎవరితోనో కాదు, ముగ్గుతోనే అన్నట్టు. రెండో అంతస్తు అన్నయ్యగారు సరిగా చూద్దామని ఒక్క అడుగు వెనక్కి వేస్తే వంటింట్లో తేలారు.

మా పాత హాలు 12 బై 18. మాస్టారు ఆ కుర్రాణ్ణి అడిగారు: "850లో పన్నెండూ పద్దెనిమిది ఎలా వచ్చింది, 950లో పదీ పద్నాలుగు ఎలా అయింది?"

"సూపర్ బిల్టప్ కదా అంకుల్. లిఫ్ట్, కారిడార్, మెట్లు, జనరేటర్ రూమ్, అన్నీ అందులో కలుస్తాయి."

"అంటే లిఫ్ట్‌లో నా వాటాకి వెళ్లి కాపురం చెయ్యనా?"

అందరం నవ్వాం. ఆ తర్వాత ఆయన అడిగిందానికి మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. మొత్తం ఎన్ని ఫ్లాట్లు వస్తున్నాయన్నారు. స్టిల్ట్ (కింద కార్ల కోసం స్తంభాల మీద వదిలే జాగా) మీద ఐదు ఫ్లోర్లు, ఫ్లోరుకి నాలుగు, మొత్తం ఇరవై. మాకు పన్నెండు, బిల్డర్‌కి ఎనిమిది. మాస్టారు ప్లాన్ వెనకాల పెన్సిల్‌తో 720ని 20తో భాగించారు. ముప్పై ఆరు. "మన దగ్గర ఇప్పుడు 60 గజాలున్నాయి. రేపు 36 ఉంటాయి. ఇంటికి 24 గజాలు ఇతనికి రాసిస్తున్నాం. లిఫ్టూ జనరేటరూ ఊరికే ఏం ఇవ్వడం లేదు" అన్నారు. మా సందులో గజం ఎంత పలుకుతోందో అక్కడున్న అందరికీ తెలుసు. ఆ కుర్రాడు ప్లాన్ చుట్టుకుని, సార్‌తో మాట్లాడి చెబుతానని బండెక్కాడు.

ఆ సాయంత్రం లేకపోతే మేం 950 అని సంబరపడి సంతకాలు పెట్టేసేవాళ్లమే. బేరం ఆడాక మొత్తం పంతొమ్మిది ఫ్లాట్లకి దిగింది, మా వాటా దాదాపు 38 గజాలకి వచ్చింది, హాలు వెడల్పు పెరిగింది. అన్నిటికంటే ముఖ్యం, అగ్రిమెంట్‌లో కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల మనం వాడుకునే జాగా, అని రాయించుకున్నాం. ఎవరికి ఏ ఫ్లోర్‌లో ఏ మూల ఫ్లాటో ప్లాన్ మీద పేర్లతో సహా రిజిస్ట్రేషన్‌కి ముందే తేల్చుకోండి. తర్వాత చీటీలు వేద్దాం అన్నవాళ్ల మాట నమ్మొద్దు. ఆలస్యమైతే అద్దె పెరిగేలా ఒక క్లాజు పెట్టించండి. మున్సిపాలిటీ పర్మిషన్ ఇచ్చేటప్పుడు పది శాతం కట్టడం మార్ట్‌గేజ్ పెట్టించుకుంటుంది, ఓసీ (కాపురం ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చేదాకా వదలదు. ఆ పది శాతం బిల్డర్ వాటాలోంచే పోవాలి, మీ ఫ్లాటు అందులో పడిందో, మీరు తిరగాలి ఆఫీసుల చుట్టూ. ఎనిమిది ఫ్లాట్లు దాటితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ తప్పనిసరి, అది రాకముందే తన వాటా అమ్మేస్తున్నాడంటే అతన్ని అక్కడే ఆపండి. పన్ను సంగతికొస్తే, 2017లో వచ్చిన మార్పు ప్రకారం మామూలు వ్యక్తులకి క్యాపిటల్ గెయిన్స్ పన్ను (ఆస్తి చేతులు మారితే వచ్చే లాభం మీద పన్ను) అగ్రిమెంట్ నాడు పడదు, కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాది పడుతుంది. మధ్యలో మీ వాటా అమ్మితే మాత్రం అమ్మిన ఏడాదే. దీనికి ఆడిటర్‌ని అడగండి, బిల్డర్‌ని కాదు.

బిల్డర్‌తో బేరం అసలు పెద్ద పనే కాదు. పక్కింటివాళ్లతో పడాలి తిప్పలు. టాప్ ఫ్లోర్ ఆయన ఎప్పుడో మేడ మీద ఒక గది వేసుకుని, దానికీ వాటా కావాలన్నారు. పక్క సందు నేనే కదా ఊడ్చుకుంటున్నది, అదీ లెక్క కట్టండి అన్నారు ముగ్గు వేసిన పిన్నిగారే. 302 వాళ్లబ్బాయి డాలస్‌లో ఉంటాడు. కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన జీపీఏ (తన బదులు ఇక్కడ ఇంకొకరు సంతకం పెట్టడానికిచ్చే అధికార పత్రం) పంపితే చాలు, అది ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంప్ డ్యూటీ కట్టి వ్యాలిడేట్ చేయించుకోవచ్చు. ఆ మాత్రం దానికి అతను మమ్మల్ని ఎంత ఏడిపించాడో. "వీకెండ్ చూస్తాను ఆంటీ" అని ప్రతి వారం ఒకటే మెసేజ్. మహారాష్ట్రలో సొసైటీలకి 2019లో 51 శాతం ఒప్పుకుంటే చాలన్నారు. ఇక్కడ పన్నెండు మందీ సంతకం పెట్టాల్సిందే, ఒక్కడు మొండికేస్తే పదకొండు మంది పెచ్చులూడే శ్లాబు కింద పడుకోవాలి. కనీసం మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే చాలనే చట్టమైనా ఇక్కడ రావాలి.

ఇక కొండాపూర్ సంగతి. మా చెల్లెలు అటే ఉంటుంది, ఇరవై ఎనిమిదో అంతస్తు. అక్కడ అన్ని అంతస్తులు ఎందుకొచ్చాయి, మా దగ్గర ఐదుతో ఎందుకు ఆగిపోయాయి? 2006లో జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చన్న లెక్క) పరిమితి ఎత్తేశారు. స్థలం, రోడ్డు వెడల్పు ఉంటే ఎంత పైకైనా లేపుకోవచ్చు. 2012 నాటి జీవో 168 ప్రకారం హైరైజ్‌కి కనీసం 2000 చదరపు మీటర్లు, అంటే దాదాపు 2400 గజాలు, 40 అడుగుల రోడ్డు ఉండాలి. మా సందులో రెండు ఆటోలు ఎదురైతే ఒకటి రివర్స్‌లో వెళ్లాలి. 2400 గజాలు ఎవరికున్నాయి? అందుకే పెద్ద బిల్డర్లంతా కోకాపేట, నార్సింగి పరుగెత్తారు. సిటీ మధ్యలో మిగిలింది చిన్న బిల్డర్లు. పక్కపక్కన ఉన్న నాలుగు పాత అపార్ట్‌మెంట్లు కలిపి ఒకటే కట్టుకోవచ్చు, రోడ్డుకి జాగా వదలొచ్చు. కానీ పన్నెండు మందిని ఒప్పించడానికే ఇన్ని తిప్పలు పడ్డవాళ్లం, యాభై మందిని ఒప్పిస్తామా.

అయినా ఇక్కడే ఉండమంటాను. సెంట్రల్ లైబ్రరీ, త్యాగరాయ గానసభ, వెంకటేశ్వరస్వామి గుడి, కూరగాయల మార్కెట్, అన్నిటికీ నడిచే వెళ్తాను. మా దగ్గరికి మెట్రో 2020 ఫిబ్రవరిలో వచ్చింది, పరేడ్ గ్రౌండ్‌లో మారితే రాయదుర్గం దాకా ఏసీలో కూర్చుని పోవచ్చు. మా చెల్లెలికి కొత్తిమీర కట్ట కావాలంటే యాప్ తెరవాలి. ఎండాకాలం ట్యాంకర్ల కోసం వాళ్ల గ్రూపులో రోజూ యుద్ధమే. మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అయినా వస్తుంది. పదేళ్లలో అటు వెళ్లినవాళ్లలో సగం మంది ఇటు తిరిగొస్తారు, రాసిపెట్టుకోండి.

భయమల్లా డ్రైనేజీ గురించే. పన్నెండు ఇళ్లున్న చోట పంతొమ్మిది వస్తున్నాయి, ప్రతి బెడ్‌రూముకీ ఒక బాత్రూమ్. వీధిలో పైపు మాత్రం పాతదే. మా సందులో ఇప్పటికే ఇలాంటివి మూడు లేచాయి, గట్టి వాన పడితే మ్యాన్‌హోల్ మూత లేచి రోడ్డంతా కంపు. హుస్సేన్‌సాగర్ అలుగు నాలా మా పక్కనుంచే అశోక్‌నగర్, హిమాయత్‌నగర్ మీదుగా మూసీకి పోతుంది, అది నిండితే మా నీళ్లు పోయే దారే లేదు. పర్మిషన్ ఫీజుల్లో డెవలప్‌మెంట్ చార్జీలని లక్షలు కట్టించుకుంటారు. ఆ డెవలప్‌మెంట్ ఏ వీధిలో జరిగిందో చూపిస్తే వెళ్లి చూసొస్తాను. ఇంకొకటి, అశోక్‌నగర్ కోచింగ్ పిల్లల కోసం కొత్త ఫ్లాట్లు కొన్నవాళ్లలో కొందరు ఒక్కో గదిలో నాలుగు మంచాలేసి హాస్టల్ నడుపుతున్నారు. పిల్లల తప్పేం లేదు, కానీ ఒక్క ఫ్లాటులో పన్నెండు మంది స్నానాలు చేస్తే సంపు ఏం కావాలి? నివాసానికి మాత్రమే, హాస్టల్‌కి ఇవ్వకూడదు అని బిల్డర్ వాటా ఫ్లాట్లకి కూడా వర్తించేలా అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. మేం రాయించాం, అందుకు ఇద్దరు బ్రోకర్లు మాతో మాట్లాడటం మానేశారు.

మీ స్థలం ఎన్ని గజాలో, ముందు రోడ్డు ఎన్ని అడుగులో, మొత్తం ఎన్ని ఫ్లాట్లు ప్లాన్ చేస్తున్నారో రాయండి. ఆ మూడూ తెలిస్తే అతను మీకిస్తున్నది సరైన వాటాయో కాదో మాస్టారితో లెక్క కట్టించి చెబుతాను.